సైరన్ వేళకి చోడిముద్ద

మొన్న సెలవులకి విశాఖపట్నం వెళ్ళినప్పుడు మా చెల్లెలు తన కుక్కకి సబ్బు కొనాలంటూ నన్నొక దుకాణానికి లాక్కెళ్ళింది. కుక్కలకి సబ్బులు, చొక్కాలు, పరుపులు, ఆఖరికి పుట్టినరోజు టోపీలు. నోరెళ్ళబెట్టి చూస్తుంటే ఒక కొక్కేనికి వేలాడుతూ అది కనిపించింది. ఎర్ర రబ్బరుది, మూడు ముద్దలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటుంది, లోపల డొల్ల. దాని పక్కనే ట్యూబులో తయారు చేసిపెట్టిన ముద్ద. దుకాణం ఆయన నా చూపు పట్టుకుని, ఆ ముద్దని ఇందులోకి పిండి ఇస్తే కుక్క నాక్కుంటూ కూర్చుంటుందనీ, దానికి బోరు కొట్టదనీ చెప్పాడు.

బోరట! నాకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే మా చెల్లెలు కంగారుపడి నన్ను బయటికి తీసుకొచ్చింది. ఆ ఎర్ర రబ్బరు ముక్కతో ఒక మనిషి కొండంత మోతకి ఎదురు నిలబడ్డాడని ఆ దుకాణం మెట్లమీద నిలబడి ఎవరికి చెప్పను? అందుకే ఇది రాస్తున్నాను.

కొండల్లోని గని ఊరు కిరండూల్‌లో బజారు వెనక వీధిలో ఆయనా నేనూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవాళ్ళం. నేను అక్కడొక బడిలో టీచర్ని. పొద్దుటి బడి కాబట్టి మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేదాన్ని. ఆయన కొండమీది ఇనుప గనిలో బ్లాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రాతిలో దింపిన బోర్లలో మందు కూరి, పేల్చి, కొండని ముక్కలు చేసే పని. ఆ పనికి ఆయన ఒక చెవిని పూర్తిగా, రెండో చెవిని సగం కట్నంగా ఇచ్చుకున్నాడు. దాంతో గుసగుసలాడినా వీధి చివరికి వినపడేది. ఇంట్లో రహస్యం ఏదైనా ఈయనకి చెప్తే సాయంత్రానికి పక్క ఊరు బచేలీకి తెలిసిపోతుందని అత్తయ్య, అంటే ఆయన భార్య, గోలపెట్టేది. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని. ఆయన నన్ను టీచరమ్మా అని పిలిచేవాడు, ఆ పిలుపులో మర్యాద సగం, వెటకారం సగం.

మా వైపునుంచి వచ్చినవాళ్ళు రిటైరవగానే సామాను కట్టుకుని ఘాట్ రైలెక్కి దిగువకి పోతారు. విజయనగరం దగ్గర ఈయనకీ ఊరుంది, ఊళ్ళో ఇల్లుంది. కానీ కదల్లేదు. ఎందుకుండిపోయావని ఎవరైనా అడిగితే మంచి చెవి వాళ్ళవైపు తిప్పి ప్రశ్న మళ్ళీ అడిగించుకునేవాడు. మూడోసారి అడిగేసరికి అవతలివాడికే విసుగొచ్చి లేచిపోయేవాడు. ఆ చెవుడు ఆయనకి శాపమో ఆయుధమో చివరిదాకా నాకు తేలలేదు.

కుక్క ఒక వానాకాలంలో వచ్చింది. మెట్లకింద తడిసి ముద్దై పడుంది. అత్తయ్య చీపురు తీసింది. ఈయన పాత లుంగీ తీశాడు. లుంగీ గెలిచింది. ఎంత కదిపినా మొరగకపోయేసరికి దానికి మిస్‌ఫైర్ అని పేరు పెట్టాడు. గనిలో మందు కూరినా పేలని బోరుని అలా అంటారట. అత్తయ్య నోట్లో అది మిస్సు అయింది. వీధి మొత్తం మిస్సు అనే పిలిచేది.

మొరగని ఆ కుక్కకి ఒకటే జబ్బు. మధ్యాహ్నం కొండమీద సైరన్ మోగిందంటే చెవులు తలకి అంటుకుపోయేవి, తోక కడుపు కిందికి పోయేది. కాసేపటికి బ్లాస్టింగ్ మోత వచ్చి కిటికీలు గిలగిల్లాడేవి. మిస్సు అప్పటికి ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి మురిక్కాలవలో దొరికింది, ఒకసారి రైల్వేగేటు అవతల.

అప్పుడే మావయ్య నాతో ఒక మాట అన్నాడు. అది నేను మర్చిపోలేను. వరండాలో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మోత ఆయన చెవికి ఎంత అందిందో గానీ కుర్చీలోంచి వెన్నులోకి ఎక్కినట్టుంది.

“పైనున్నప్పుడు ఇది మోత కాదు టీచరమ్మా, పని. పేలిందంటే పనైపోయినట్టు, టీ తాగడమే. కిందోళ్ళకి ఇలాగుంటాదని ఇన్నేళ్ళూ నాకు తెలవనే నేదు.”

ఆ ఏడే ఖర్మకాలి అసలు గొడవ వచ్చింది. సైరన్‌కి బెదిరి మిస్సు మెయిన్‌రోడ్డు మీదికి దూకింది. దాన్ని తప్పించబోయి బడిపిల్లల ఆటో పక్కనున్న గోతిలోకి ఒరిగింది. పిల్లలకి గీతలు పడ్డాయి, అంతకుమించి ఏమీ కాలేదు. ఏమీ కాలేదని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోడ్డుమీద ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఆటో గోతిలోకి కాకుండా అటువైపు తిరిగుంటే? ఆ పిల్లల్లో ఇద్దరు నా క్లాసువాళ్ళే. ఆరోజు సాయంత్రం వీధంతా ఆయన గుమ్మం ముందుకొచ్చింది. వీధిపెద్దగా చెలామణీ అయ్యే హార్డ్‌వేర్ షాపాయన ముందు నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ ఆటోలో ఆయన మనవడున్నాడు. ఇంకొక్కసారి ఈ కుక్క రోడ్డెక్కితే పట్టించి అడవిలో వదిలేస్తామన్నాడు.

“ఎక్కదు,” అన్నాడు మావయ్య.

అంతే. క్షమించమని లేదు, చూస్తానని లేదు. ముప్పై ఏళ్ళు కొండ తవ్వి చివరికి కుక్కని పట్టాడని ఎవరో ఎద్దేవా చేస్తే అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, వినపడకపోయినా.

గొలుసుతో కట్టెయ్యొచ్చు కదా అని అందరం అన్నాం. నేనూ అన్నాను, అత్తయ్య అయితే గొలుసు కొనుక్కునే వచ్చింది. మావయ్య దాన్ని తీసుకెళ్ళి బావి గిలకకి తగిలించాడు.

“కట్టేస్తే భయం పోదు, పరుగు పోద్ది. భయం ఉండిపోయి పరుగు పోతే అది కుక్క కాదు, వొట్టి వణుకు.”

ఆయన శిష్యుడొకడున్నాడు. ఈయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు పైన బ్లాస్టింగ్ చూసే మనిషి. పండగలకి స్వీట్లు పట్టుకుని వచ్చేవాడు. గురువుగారి గొడవ విని, కుక్కని ఊరికి పంపించెయ్యమనీ, అక్కడ బ్లాస్టింగూ లేదు పాడూ లేదనీ మంచిగా సలహా ఇచ్చాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. మావయ్య గ్లాసు కింద పెట్టాడు.

“ఆ మోత సేసినోణ్ణి నాను. నా తరవాత నువ్వు. అది ఇని ఒక ప్రాణి వణుకుతుంటే, దాన్ని ఊరు దాటించీమంటావేటి? ఎవుడు దాటాలి? అది పుట్టింది ఈడ. మనవే కదా బయటినుంచొచ్చి పడ్డాం.”

శిష్యుడి చేతిలో టీ చల్లారిపోయింది.

ఇక రబ్బరు బొమ్మ సంగతి. విశాఖలో ఉన్న కూతురు ఫోన్లో వీడియోలు చూసి దాన్ని పంపించింది. అందులో తిండి కూరి సైరన్‌కి ముందే ఇవ్వమని, నోరు పనిలో ఉంటే కుక్క మనసు కుదురుగా ఉంటుందని చెప్పింది. ఆయన మొదట దాన్ని తిప్పి తిప్పి చూసి, గొట్టమా గోళీకాయా అన్నాడు. తరవాత టార్చి తెచ్చి లోపలికి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. వెడల్పు మూతి ఒకవైపు, రెండోవైపు గాలిపోవడానికి సన్నటి బెజ్జం. ఆయన ముఖం మారిపోయింది. అది బొమ్మ కాదు, బోరు. జీవితమంతా నింపిన బోరే, చేతిలో పట్టేంత సైజులో.

అక్కడినుంచి ఆ వంటింటి కథ చూడాలి. బోరు నింపేటప్పుడు అడుగున బలమైన మందు, దానిమీద మామూలు మందు, పైన మూతికి మట్టి దట్టించి కూరతారట. మట్టి కూరడం బాగా కుదరకపోతే బలమంతా మూతిలోంచి గాలిలోకి పోతుందట, రాయి పగలదట. అదే లెక్కన ఈయన అడుగున వాసన పెట్టేవాడు. అంటే ఉప్పు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టిన ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. దానిమీద ఉడికించిన గుమ్మడిముక్కో చిలకడదుంపో గుడ్డో. మూతికి చోడిముద్ద, మా వైపు రాగిని చోడి అంటాం. అది గట్టిగా దట్టించి ఫ్రిజ్జులో పైఅరలో గడ్డకట్టించేవాడు. మెత్తగా ఉంటే మోత రాకముందే కుక్క తినేసి ఖాళీ అయిపోతుంది. రాయిలా ఉంటే విసుగొచ్చి వదిలేస్తుంది. సైరన్‌కి ముందు మొదలై మోత అయిపోయాక ముగియాలి. ఆ పాకం కోసం ఆ మనిషి పడ్డ తపస్సు పెళ్ళివంటవాళ్ళు కూడా పడరు.

ఇంకొకటి. దట్టించడానికి పప్పుగుత్తి వెనకభాగం వాడేవాడు. కర్రది. అత్తయ్య జాలిపడి స్టీలు చెంచా అందిస్తే ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసేవాడు.

“ఇనుము తగలనీకు.”

గనిలో బోర్లు కూరడానికి కర్ర తప్ప ఇనుము ముట్టకూడదు. ఇనుము రాతికి రాసుకుంటే నిప్పురవ్వ పుడుతుందని భయం. చోడిముద్దలో నిప్పురవ్వ ఎక్కణ్ణించి వస్తుందయ్యా అని అత్తయ్య నెత్తి కొట్టుకునేది. వాదించి లాభం లేదు. చెవిటివాడి ముందు శంఖం, అదీ వినదల్చుకోని చెవిటివాడి ముందు. ఆమె పప్పుగుత్తి పోయింది, ఆవకాయ గిన్నె పక్కన నెత్తళ్ళ గిన్నె చేరింది. చచ్చినా దీన్ని ముట్టుకోనని, నువ్వూ నీ కుక్కా ఒక ఇల్లు కట్టుకోండని ఆమె ప్రతి మధ్యాహ్నం ప్రకటించేది. గోడ ఇవతల నాకు వాసన ఉచితం.

ఒకసారి మాత్రం ఆయన దారుణంగా తప్పటడుగు వేశాడు. సంతలో దోర్నపాల్ నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే ఆవిడ దగ్గర ఇప్పపువ్వు చూశాడు. ఎండబెట్టిన ఇప్పపువ్వు తియ్యగా ఉంటుంది, గొడ్లూ ఎలుగులూ తింటాయి, మరి కుక్కకేం అనుకున్నాడు. తడిపి, నూరి, చోడిపిండిలో కలిపి, ఫ్రిజ్జులో చోటులేక మూతిబిగించి గట్టుమీద పెట్టాడు. బయటేమో మండే వేసవి. లోపల ఏం జరిగిందో ఈ ప్రాంతంలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు, ఈయనకి తట్టలేదు. బొమ్మ ఇచ్చిన కాసేపటికి మిస్సు గోడకి గుద్దుకుని, మళ్ళీ గుద్దుకుని, గుమ్మంలో నాలుగు కాళ్ళూ చాపి పడుకుంది. సైరన్ మోగింది, మోత వచ్చింది, కిటికీలు కొట్టుకున్నాయి. కుక్క గురక పెట్టింది.

వీధి మొత్తం పండగ చేసుకుంది. మందు దొరికింది, రోజూ ఇదే పెట్టమని హార్డ్‌వేర్ షాపాయన స్వయంగా వచ్చి చెప్పాడు. అత్తయ్య కూడా ఊపిరి పీల్చుకుంది. మావయ్య ఒక్కడే దాని పక్కన కూర్చుని, అది లేచేదాకా కదల్లేదు, అన్నం తినలేదు. మిగిలిన ఇప్పపువ్వు మర్నాడు ఆ ఎండుచేపలావిడకే తిరిగి ఇచ్చేశాడు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది.

“ఏంది సారూ, గీ పువ్వును మూతబెట్టి ఎండల పెడ్తరా? మా ఇంటాయన గట్ల పెట్టుకునే తాగుతడు. ఆయనకూ ఏ భయం లేదు మరి.”

“మీ ఆయనకి భయం పోనేదమ్మా, తెలివి పోనాది,” అన్నాడు ఈయన. “నాకు తెలివున్న కుక్క కావాల.”

పశువుల ఆసుపత్రిలో నిద్రమాత్ర ఇద్దామన్నప్పుడూ ఇదే జవాబు. ఆయన మొండితనం మీద నాకు చాలాసార్లు ఒళ్ళు మండింది. ఎవరి పిల్లలో రోడ్డుమీద ఉంటే ఈయన పంతం ఈయనది అనుకునేదాన్ని. కానీ ఆ కాలంలో ఒక్క మధ్యాహ్నమైనా ఆయన వరండా వదల్లేదు. గేటుకి గడియపెట్టి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కుక్క పరిగెత్తాలంటే ఈయన్ని దూకి పోవాలి. ఒకటి రెండుసార్లు దూకబోయింది కూడా, ఆయన మోకాలిమీద ఆ గోటిగీతలు నేను చూశాను.

చలికాలం మొదట్లో ఒకరోజు నన్ను గోడమీంచి కేకేసి పిలిచాడు. వెళ్ళేసరికి సైరన్ మోగుతోంది. మిస్సు వరండా మూలలో బొమ్మని రెండు ముందుకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది, చర్మం నీటిమీద అలల్లా కదులుతోంది. నాలిక మాత్రం ఆగడంలేదు. మోత వచ్చింది. కుక్క కళ్ళు మూసుకుంది, నాకింది.

అయ్యో వణుకుతోంది మావయ్యా అన్నాను.

“వణకనీ. వణుకుతా కూడా తింటంది సూడు. ఎవుడికి నేదమ్మా భయం? నీకు నేదా, నాకు నేదా? భయవేసినోడి నోట్లో ఏటీ లేకపోడమే తప్పు.”

ఆయన కళ్ళలో నీళ్ళు. గనిలో ఎన్ని కొండచరియలు కూల్చినా ఆ మనిషికి ఇంత గర్వం వచ్చుండదు. నాకూ ఏడుపొచ్చింది, కుక్కకోసం ఏడ్చానని ఎవరితోనూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

వీధికి మాత్రం నమ్మకం కుదర్లేదు. ఆయన పక్కన కూర్చున్నాడు కాబట్టి ఆగింది, లేకపోతే మళ్ళీ లారీల కిందికే అన్నారు. నిజం చెప్పాలంటే ఆ అనుమానం ఆయనకే ఎక్కువ. నేను లేకపోయినా నిలబడాలి, అప్పుడే నిలబడ్డట్టు అనేవాడు. అందుకని కుర్చీని గేటు దగ్గర్నుంచి గుమ్మానికి జరిపాడు. కొన్నాళ్ళకి గుమ్మంలోంచి ముందుగదిలోకి. అక్కణ్ణించి కుక్క ఆయనకి కనపడదు, ఆయన కుక్కకి కనపడడు. వినబడేదానికి చెవి లేదు. నాకిందా, లేచిందా అని గోడకి ఇటువైపున్న నన్ను అడిగేవాడు. ఇక మిగిలింది ఒకటే, సైరన్ వేళకి ఇల్లు విడిచి బజారుకి వెళ్ళిపోవడం. రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అనేవాడు. చెప్పులు వేసుకుని గేటుదాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగేవాడు. కొండని పేల్చిన మనిషికి గేటు దాటడానికి ధైర్యం చాల్లేదు.

దాటకుండానే పోయాడు. మాఘమాసంలో ఒక సాయంత్రం టీ అడిగి, అది వచ్చేలోపల కుర్చీలోనే తల వాల్చేశాడు. టీ గ్లాసు పట్టుకుని అత్తయ్య ఆయన మంచి చెవివైపు చాలాసేపు పిలిచింది.

ఊరినుంచి ఆయన వదిన, విశాఖనుంచి కూతురు రావాలి. కొడుకు జగదల్‌పూర్‌లోనే ఉంటాడు కాబట్టి ముందే చేరుకున్నాడు. అందరూ వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం దగ్గరపడింది. శవాన్ని వరండాలో పడుకోబెట్టారు. మిస్సు శవం పక్కనే తల నేలకి ఆనించి పడుకుంది. అప్పుడు శిష్యుడు వచ్చి, గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, అత్తయ్య ముందు కూర్చున్నాడు. ఈరోజు బ్లాస్టింగ్ కాస్త ఆలస్యం చేయిస్తాను, పైవాళ్ళతో మాట్లాడాను, గురువుగారిని తీసుకెళ్ళాకే పేలుస్తామన్నాడు. మర్యాదకే అన్నాడు. కుక్క సంగతి కూడా అతని మనసులో ఉండే ఉంటుంది.

అత్తయ్య తల ఎత్తింది.

“ఆయన పని సేసినన్నాళ్ళూ ఏళ తప్పించాడా? మీ ఏళకి మీరు కానీండి.”

హార్డ్‌వేర్ షాపాయన నెమ్మదిగా వచ్చి, ఇవాళ గేటు బార్లా తీసుంది, జనం వస్తూ పోతూ ఉన్నారు, ఈ ఒక్కపూటకీ కుక్కని కట్టేద్దామమ్మా అన్నాడు. చేతిలో కొత్త తాడు, తన షాపులోదే. తప్పుపట్టడానికి లేదు. నేనైతే సరే అనేదాన్ని.

అత్తయ్య వద్దంది. ఆ ముక్కే అంది, మళ్ళీ అనలేదు. షాపాయన తాడుతోనే ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ హడావుడిలో బొమ్మ సంగతి ఎవరికి గుర్తుంటుంది? సైరన్ మోగింది. మిస్సు లేచి నిలబడింది. చెవులు అంటుకుపోయాయి. గేటు ఎదురుగా తెరిచి ఉంది, గేటు అవతల సందు, సందు చివర లారీల రోడ్డు. షాపాయన తాడు పట్టుకుని ముందుకి కదిలాడు, కొడుకు చేతులు చాపాడు. కుక్క అందరి కాళ్ళ మధ్యనుంచి ఒక్క దూకు దూకింది. గేటువైపు కాదు, ఇంట్లోకి. ముందుగది దాటి, వంటింట్లోకెళ్ళి, ఫ్రిజ్జు ముందు నిలబడి వణకసాగింది.

అత్తయ్య శవం దగ్గర్నుంచి లేచింది. పొద్దుట్నుంచి ఆమె లేవడం అదే మొదలు. నేను వెనకాలే వెళ్ళాను. ఫ్రిజ్జు పైఅర తీసింది. ముందురోజు సాయంత్రం ఆయన దట్టించి పెట్టినది అక్కడుంది, మూతిమీద చోడిముద్ద, దానిమీద ఆయన బొటనవేలి గుర్తు. చచ్చినా ముట్టుకోనన్న మనిషి దాన్ని రెండు చేతులా తీసుకుంది.

గుమ్మం దగ్గర వదినగారు అడ్డంవచ్చింది. శవం ఇంట్లో ఉండగా మెతుకు ముట్టకూడదనీ, మనుషులే పస్తుంటే కుక్కకి తిండేమిటనీ, చూసినవాళ్ళు ఏమనుకుంటారనీ గొంతు తగ్గించి మందలించింది.

“మెతుకు మనకొదినా. ఇది దాని డ్యూటీ,” అని అత్తయ్య ఆమెని భుజంతో జరిపి వరండాలోకి వచ్చింది.

ఆయన పాదాల దగ్గర నేలమీద బొమ్మని పెట్టింది. మిస్సు వచ్చి, ముందుకాళ్ళ మధ్య ఇరికించుకుని, మొదలుపెట్టింది. కొండమీంచి మోత వచ్చింది. కిటికీలు కొట్టుకున్నాయి, తలదగ్గర దీపం ఊగింది. కుక్క వణికింది, వణుకుతూ నాకింది. తల ఎత్తలేదు. గేటు ఇంకా తెరిచే ఉంది, ఆయన కుర్చీ గోడవార ఖాళీగా ఉంది. షాపాయన తాడుని చుట్టచుట్టి జేబులో కుక్కుకుని మెట్టుమీద కూర్చుండిపోయాడు. శిష్యుడు కండువాలో ముఖం దాచుకున్నాడు. అది బొమ్మ ఖాళీచేసి పక్కకి నెట్టిన తరవాతే మావయ్యని లేపారు.

మూడోరోజు లోపల ఆ ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు కాబట్టి మర్నాడు నేనే క్యారియరు పట్టుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి పొయ్యిమీద గిన్నె ఉడుకుతోంది, చోడిపిండి వాసన. వదినగారు ముందుగదిలో ముఖం గోడకి తిప్పుకుని కూర్చునుంది. ఇదేమిటత్తయ్యా అన్నట్టు చూశాను. మాకోసం ముట్టించలేదు, దానికోసం ముట్టించానంది. నానబెట్టిన నెత్తళ్ళు వేళ్ళతో తీసి అడుగున వేసింది, ముక్కు చిట్లించుకుంటూనే. గుమ్మడిముక్క పెట్టింది. ముద్ద చల్లారిందో లేదో అరచెయ్యి ఆనించి చూసింది. సాయం చేద్దామని స్టాండులోంచి చెంచా తీసి నేను ముద్దని లోపలికి నొక్కబోయాను.

అత్తయ్య నా మణికట్టు పట్టుకుని ఆపేసింది.

“ఇనుము తగలనీకు,” అని పప్పుగుత్తి అందుకుంది.